పీఆర్ వచ్చినా ప్రయాణం లేదు: కోవిడ్ ఆంక్షల్లో సీఓపీఆర్ కుటుంబాలు ఎక్కడ ఇరుక్కున్నాయి?

2020 మార్చి 18, అటావా సమయం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు. మన గడియారంలో రాత్రి తొమ్మిదిన్నర. అంతకుముందే "మీ శాశ్వత నివాస దరఖాస్తును ఆమోదించాం" అన్న లేఖ అందినవాళ్ళు కెనడా వెళ్ళొచ్చు. ఆ తర్వాత అందినవాళ్ళలో చాలామంది 2021 జూన్ 21 దాకా, అంటే 15 నెలలు, ఇండియాలోనే ఉండిపోయారు. ఇద్దరిదీ ఒకే ప్రోగ్రాం, ఒకే ఫీజు, ఒకే రకం మెడికల్. తేడా అల్లా లేఖ వచ్చిన సమయమే.

ఆ ఆంక్షలు పోయి ఏళ్ళవుతోంది. కానీ ఏ దేశమైనా సరిహద్దు నిబంధనలు మార్చిన ప్రతిసారీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న మళ్ళీ వస్తుంది: "మనకి అప్రూవల్ వచ్చేసింది కదా, మనల్ని ఎలా ఆపుతారు?" ఎలా ఆపారో తెలియాలంటే కెనడా ఉదంతాన్ని కాస్త విప్పి చూడాలి.

ఆమోదం వస్తే చాలదు

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) దారిలో మన వాళ్ళు వాడే మాటలు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ, అంటే పాయింట్లని బట్టి నిపుణులని పిలిచే పద్ధతి, దాని డ్రాలో పేరు రావడం మొదటిది. తర్వాత దరఖాస్తు, మెడికల్స్, పోలీస్ క్లియరెన్స్. అన్నీ సరిపోతే పీపీఆర్, అంటే పాస్‌పోర్టు పంపమని అడిగే లేఖ. పాస్‌పోర్టు వీఎఫ్ఎస్ వీసా కేంద్రంలో ఇస్తే అందులో వీసా స్టిక్కర్ వేస్తారు, దాంతోపాటు సీఓపీఆర్ అనే శాశ్వత నివాస ధ్రువీకరణ పత్రం ఇస్తారు. అది చేతికొచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు. చట్టం లెక్కలో మాత్రం ఆ రోజుకి ఆ మనిషి ఇంకా విదేశీయుడే.

సీఓపీఆర్‌ని దగ్గరగా చూస్తే ఇది తెలిసిపోతుంది. ఫొటో ఉంటుంది, క్లయింట్ నంబరు ఉంటుంది, ఏ తేదీ లోపు వాడుకోవాలో ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ శాశ్వత నివాసి అయ్యారో రాసే చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. దాన్ని విమానం దిగాక అక్కడి అధికారి నింపుతాడు. అతను చెప్పేదాకా సంతకం పెట్టకూడదు. మన వాళ్ళు ల్యాండింగ్ అనేది ఈ తంతునే.

ల్యాండింగ్ అయినవారికి కెనడా వలస చట్టం దేశంలోకి వచ్చే హక్కు ఇచ్చింది. పౌరులకైతే ఆ హక్కు రాజ్యాంగంలోనే ఉంది. ల్యాండింగ్ కానివారికి ఉన్నది అవకాశమే. మామూలు రోజుల్లో ఈ తేడాని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే సీఓపీఆర్ ఉన్నవాళ్ళని ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు. కోవిడ్ వచ్చాక అందరూ పట్టించుకోవాల్సి వచ్చింది.

మార్చి 18 గీత ఎందుకు గీశారు

కెనడా సరిహద్దు మూసింది వలస చట్టం కింద కాదు, క్వారంటైన్ చట్టం కింద. అందులోని అధికారంతో ప్రభుత్వం విదేశీయుల ప్రవేశాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చి, ఎవరెవరికి మినహాయింపో ఒక జాబితా పెట్టింది. కాబట్టి వలస చట్టం కింద ఇచ్చిన ఆమోదం ఎవరికీ రద్దు కాలేదు. "మీ పీఆర్ పోలేదు, మీరు రావడానికి మాత్రం వీల్లేదు" అన్నట్టయింది. ఎంతోమందిని తికమకపెట్టింది ఈ రెండు చట్టాల వ్యవహారమే.

మినహాయింపు జాబితాలో పీఆర్ ఆమోదం పొందినవారికి చోటిచ్చారు, మార్చి 18 మధ్యాహ్నానికి రాతపూర్వకంగా ఆమోదం అందినవారి వరకే. దీని వెనక ఒక లెక్క ఉంది. అప్పటికే లేఖ అందుకున్న కుటుంబం ఆఫీసులో పేపర్ పెట్టేసి ఉంటుంది, అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి ఉంటుంది, కారు అమ్మేసి ఉంటుంది, పిల్లాడికి స్కూల్లో టీసీ తీసేసుకుని ఉంటుంది. సరిహద్దు మూతపడుతుందని తెలియక అడుగు వేసినవాళ్ళని మధ్యలో వదిలేయడం న్యాయం కాదు. తర్వాత ఆమోదం వచ్చినవాళ్ళు తెలిసే నిర్ణయం తీసుకుంటారు కదా అన్నది తర్కం.

తర్కం బాగానే ఉంది. కానీ మూత కొన్ని వారాలు ఉంటుందన్న అంచనాతో గీసిన గీత అది. 15 నెలలు సాగేసరికి, గీతకి అవతలున్నవాళ్ళ పరిస్థితి ఇవతలివాళ్ళకంటే మెరుగ్గా ఏమీ లేదు.

ఒకే అపార్ట్‌మెంట్, మూడు ఇళ్ళు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్. మూడు ఇళ్ళకీ 2020 ఏప్రిల్‌లోనే ఆమోదం వచ్చింది, అంటే ముగ్గురూ గీత దాటాకే.

మొదటి ఇంట్లో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. భర్త బ్రాంప్టన్‌లో ఉంటాడు, అతనికి ఇప్పటికే పీఆర్ ఉంది, భార్యని స్పాన్సర్ చేశాడు. పౌరుల, శాశ్వత నివాసుల దగ్గరి కుటుంబ సభ్యులకు మినహాయింపు ఉంది. 2020 జూన్ 8 తర్వాత దాన్ని ఇంకా తేలిక చేశారు: కనీసం 15 రోజులు ఉండేలా వస్తే చాలు. ఆమోదం ఏ తేదీదైనా ఈ అమ్మాయి వెళ్ళొచ్చు.

రెండో ఇంట్లో సాఫ్ట్‌వేర్ దంపతులు, ఆరేళ్ళ పాప. నేరుగా ఇండియా నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో దరఖాస్తు చేశారు. కెనడాలో వీళ్ళకి పౌరుడో పీఆరో అయిన దగ్గరి చుట్టం లేడు. వీళ్ళ తరఫున మినహాయింపు అడగడానికి అక్కడ ఎవరూ లేరు. 2021 జూన్ 21 దాకా ఆగాల్సిందే.

మూడో ఇంటి కథ తమాషాగా ఉంటుంది. భర్త వాటర్లూలో చదివి అక్కడే వర్క్ పర్మిట్ మీద ఉన్నాడు. భార్య హైదరాబాద్‌లో ఉంది, ఇద్దరిదీ ఒకే దరఖాస్తు. కోవిడ్ కాలంలో కెనడా లోపల ఉన్నవారికి ల్యాండింగ్‌ని ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో పూర్తి చేశారు. భర్త అలా పీఆర్ అయిన మరుక్షణం భార్య "పీఆర్ ఉన్నవారి భార్య" అయింది. రెండో ఇంటివాళ్ళకి మూసిన తలుపు ఆమెకి తెరుచుకుంది. షరతు ఒక్కటే: ప్రధాన దరఖాస్తుదారు ముందు ల్యాండ్ కావాలి, ఆ తర్వాతే, లేదా అతనితో పాటే, మిగతావాళ్ళు.

అమెరికాలో హెచ్1బీ మీద ఉంటూ, గ్రీన్‌కార్డ్ క్యూ చూసి విసిగి, కెనడా పీఆర్‌కి కూడా వేసి పెట్టుకున్న తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళకి ఇంకో దారి ఉంది. అమెరికాలో ఉంటూ అక్కడినుంచి నేరుగా స్థిరపడడానికి వచ్చేవారిని మార్చి 18 తర్వాత ఆమోదం వచ్చినా అనుమతించారు. సియాటిల్‌లో ఉన్న తమ్ముడు వాంకూవర్ చేరుకోగలడు, అదే వారం ఆమోదం వచ్చిన అక్క హైదరాబాద్‌లో కదల్లేదు.

సీఓపీఆర్ గడువు ఎక్కడినుంచి వస్తుంది

గీతకి ఇవతల ఉన్నవాళ్ళంతా హాయిగా వెళ్ళిపోయారనుకుంటే పొరపాటు. 2020 మార్చి 23 నుంచి ఇండియా అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆపేసింది. కొన్ని దేశాలతో ఎయిర్ బబుల్ ఒప్పందాలు (రెండు దేశాల మధ్య పరిమితంగా విమానాలు నడిపేందుకు) కుదిరేదాకా టికెట్ దొరకడమే కష్టం. మామూలు విమానాలు పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. ఈలోగా సీఓపీఆర్ మీద ఉన్న తేదీ నడుస్తూనే ఉంది.

ఆ తేదీ అధికారి ఇష్టానికి వేసేది కాదు. మెడికల్ పరీక్ష 12 నెలలు చెల్లుతుంది. మెడికల్ గడువు, పాస్‌పోర్టు గడువు, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అదే సాధారణంగా సీఓపీఆర్ గడువు. ఒకరు 2019 నవంబరు 10న మెడికల్ చేయించుకున్నారనుకుందాం. ఆమోదం 2020 ఫిబ్రవరిలో వచ్చింది. చేతిలో ఉన్నది తొమ్మిది నెలలు. నవంబరు 10 నాటికి దిగకపోతే పత్రం చెల్లదు. దాని మీద ఉన్న తేదీని పొడిగించే పద్ధతి లేదు, కొత్తది ఇవ్వాలి. కొత్తది కావాలంటే మెడికల్ గడువు కూడా చూసుకోవాలి.

అందుకే గడువు దాటినవాళ్ళు ఒక వింత స్థితిలో పడ్డారు. ఆమోదం మార్చి 18కి ముందుదే, కాబట్టి మినహాయింపు ఉంది. పత్రం మాత్రం చచ్చిపోయింది. వాళ్ళు ప్రయాణానికి సిద్ధంగా ఉన్నామని ఇమిగ్రేషన్ శాఖకి తెలియజేసి, అనుమతి లేఖ తెచ్చుకున్నాకే విమానం ఎక్కగలిగారు. 2021 జూన్ 21న చెల్లుబాటయ్యే సీఓపీఆర్ ఉన్న అందరికీ తలుపు తెరిచారు. ఆ వాక్యంలో "చెల్లుబాటయ్యే" అన్న మాట చూసి చాలా ఇళ్ళలో సంతోషం సగంలోనే ఆగింది, ఎందుకంటే 15 నెలల్లో గడువు తీరిపోయినవాళ్ళు మళ్ళీ శాఖ నుంచి పిలుపు కోసం చూడాలి.

ఎదురుచూపులో పుట్టిన బిడ్డ

15 నెలలంటే ఇళ్ళలో బిడ్డలు పుడతారు, పెళ్ళిళ్ళవుతాయి. సీఓపీఆర్ వచ్చాక, ల్యాండింగ్‌కి ముందు బిడ్డ పుడితే ఆ సంగతి ఇమిగ్రేషన్ శాఖకి ముందే చెప్పి తీరాలి. బిడ్డకి పాస్‌పోర్టు తీయాలి, మెడికల్ చేయించాలి, దరఖాస్తులో చేర్పించాలి. అప్పటిదాకా తల్లిదండ్రులు కూడా ల్యాండ్ కాకూడదు.

"ముందు మనం వెళ్దాం, బిడ్డని తర్వాత స్పాన్సర్ చేద్దాం" అనుకోవడం ఎంత సహజమో అంత ప్రమాదం. ల్యాండింగ్ నాటికి చెప్పని, పరీక్షించని కుటుంబ సభ్యుణ్ణి తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో, అంటే కుటుంబ బంధం మీద పీఆర్ ఇచ్చే దారిలో, స్పాన్సర్ చేయనివ్వని నిబంధన కెనడా వలస నియమాల్లో ఉంది. 2019 సెప్టెంబరు నుంచి కొన్ని రకాల కేసులకి సడలింపు ఇచ్చినా, అది అందరికీ వర్తించే భరోసా కాదు. పెళ్ళికీ ఇదే సూత్రం. ఒంటరిగా దరఖాస్తు చేసి, ఆంక్షల కాలంలో పెళ్ళి చేసుకున్నవాళ్ళు భార్య లేదా భర్త సంగతి చెప్పకుండా విమానం ఎక్కకూడదు.

పిల్లల వయసు విషయంలో మాత్రం ఆలస్యం నష్టం చేయలేదు. 22 ఏళ్ళ లోపు అనే లెక్క దరఖాస్తు అందిన తేదీకే స్థిరపడిపోతుంది. అంత టెన్షన్‌లో కాస్త ఊరట ఇదొక్కటే.

రెండో తలుపు: 2021 ఏప్రిల్ 22

డెల్టా రకం కోవిడ్ ఉధృతి మొదలయ్యాక కెనడా 2021 ఏప్రిల్ 22 రాత్రి నుంచి ఇండియా నుంచి నేరుగా వచ్చే ప్రయాణికుల విమానాలు ఆపేసింది. మొదట 30 రోజులన్నారు, పొడిగిస్తూ పోయి సెప్టెంబరు 26 దాకా లాగారు. అంటే జూన్ 21న వలస ఆంక్ష తొలగినా, ఇండియాలో ఉన్నవారికి నేరుగా విమానం లేదు. వేరే దేశం మీదుగా రావచ్చు, కానీ కోవిడ్ పరీక్ష ఆ మూడో దేశంలోనే చేయించుకోవాలి. ఇండియా ల్యాబ్ రిపోర్టు పనికిరాదు. మూడో దేశంలోకి అడుగుపెట్టాలంటే దాని వీసా కావాలి, అక్కడ కొన్నాళ్ళు ఉండడానికి డబ్బు కావాలి, పరీక్షలో పాజిటివ్ వస్తే తెలియని ఊళ్ళో చిన్నపిల్లలతో ఐసొలేషన్. మెక్సికో, ఈజిప్టు మీదుగా చుట్టు తిరిగి టొరంటో చేరిన కుటుంబాలు అలా వచ్చినవే.

దిగాక ఇంకో ఖర్చు. 2021 ఫిబ్రవరి 22 నుంచి విమానంలో వచ్చినవారు సొంత ఖర్చుతో మూడు రాత్రులు ప్రభుత్వం గుర్తించిన హోటల్లో ఉండాలి. రెండు డోసులు పూర్తయినవారికి జూలై 5న, అందరికీ ఆగస్టు 9న ఇది తీసేశారు. ఇక్కడ హైదరాబాద్‌కి నేరుగా సంబంధం ఉన్న చిక్కు ఒకటుంది. కోవిషీల్డ్ వేసుకున్నవారిని కెనడా టీకా పూర్తయినవారిగా లెక్కించింది. హైదరాబాద్‌లోనే తయారైన కోవాక్సిన్‌ని గుర్తించింది 2021 నవంబరు 30న. అప్పటిదాకా కోవాక్సిన్ రెండు డోసులు వేసుకున్నవారు కూడా టీకా వేసుకోనివారి కిందే లెక్క, 14 రోజుల క్వారంటైన్ తప్పలేదు. టీకా కేంద్రంలో ఆ రోజు ఏ సీసా తెరిచారన్నదాన్ని బట్టి ల్యాండింగ్ తర్వాతి రెండు వారాలు నిర్ణయమైపోయాయి.

సెప్టెంబరు 27న నేరుగా విమానాలు మొదలైనప్పుడు కూడా పరీక్ష ఢిల్లీ ఎయిర్‌పోర్టులోని ఒకే ల్యాబ్‌లో, బయల్దేరే ముందు 18 గంటల లోపు చేయించుకోవాలన్నారు. హైదరాబాద్, విజయవాడ వాళ్ళకి అదొక అదనపు ప్రయాణం.

స్టూడెంట్ రావచ్చు, పీఆర్ రాకూడదా?

ఆ కాలంలో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ఇది. వర్క్ పర్మిట్ మీద వచ్చే విదేశీ కార్మికులకు మినహాయింపు ఉంది. 2020 అక్టోబరు 20 నుంచి, కోవిడ్ ప్రణాళికకి ఆమోదం పొందిన కాలేజీల్లో చేరే విదేశీ విద్యార్థులకీ ఇచ్చారు. తాత్కాలికంగా వచ్చేవాళ్ళకి ఉన్న వీలు, శాశ్వతంగా వస్తున్నవాళ్ళకి, అదీ ప్రభుత్వమే ఏరికోరి పిలిచినవాళ్ళకి, ఎందుకు లేదు?

ఆంక్షని సమర్థించేవారి మాట ఇలా ఉంటుంది. విద్యార్థి వెనక ఒక కాలేజీ ఉంది, కార్మికుడి వెనక ఒక యజమాని ఉన్నాడు, క్వారంటైన్‌కి జవాబుదారీ ఎవరో తెలుసు. కొత్త పీఆర్ కుటుంబానికి చాలాసార్లు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. పైగా మూతపడిన ఆర్థిక వ్యవస్థలోకి కొత్తవాళ్ళని పిలిచి ఏం ఉద్యోగం చూపిస్తారు?

ఎదుటివాళ్ళ జవాబు కూడా గట్టిదే. స్థిరపడడానికి డబ్బు చూపించాకే కదా ఈ కుటుంబాలకి ఆమోదం ఇచ్చింది? క్వారంటైన్ ప్రణాళిక అడిగితే వాళ్ళూ ఇస్తారు. మార్చి 17న లేఖ అందినవాడికీ, మార్చి 19న అందినవాడికీ వైరస్ సోకే అవకాశంలో తేడా ఏముంది?

నాకు ఈ చివరి ప్రశ్నకి సరైన జవాబు ఎక్కడా కనబడలేదు. గీత మొదట్లో సబబే. ఏడాది గడిచాక కూడా దాన్ని జరపకపోవడానికి ఆరోగ్య కారణాలకంటే, లోపల ఉన్నవాళ్ళతో పని జరిగిపోవడమే కారణమనిపిస్తుంది. అంకెలు చూడండి. 2020కి కెనడా లక్ష్యం 3.41 లక్షల మంది కొత్త పీఆర్‌లు, వచ్చింది 1.85 లక్షల లోపే. 2021 లక్ష్యాన్ని 4.01 లక్షలకి పెంచారు. సరిహద్దు మూసి ఉండగా అంతమందిని ఎక్కడినుంచి తేవాలి? దేశంలో ఉన్నవాళ్ళ నుంచే. 2021 ఫిబ్రవరి 13న ఒక్క డ్రాలో, కెనడాలో పని అనుభవం ఉన్న 27,332 మందిని పిలిచారు. కటాఫ్ 75 పాయింట్లకి పడిపోయింది. 400 దాటినా పిలుపు రాని హైదరాబాద్ వాళ్ళు ఆ అంకె చూసి నమ్మలేకపోయారు. మే 6న కార్మికులకూ, అక్కడ చదివినవారికీ 90,000 సీట్లతో ఇంకో దారి తెరిచారు. 2021 ముగిసేసరికి 4.05 లక్షల లెక్క దాటింది. బయట ఉన్న నిపుణులకి డ్రాలు మళ్ళీ మొదలైంది 2022 జూలై 6న.

అమెరికా గీత, ఆస్ట్రేలియా గీత

అమెరికా 2020 ఏప్రిల్ 23న ఇమిగ్రెంట్ వీసాల మీద, అంటే స్థిరపడడానికి ఇచ్చే వీసాల మీద, ఆంక్ష పెట్టింది. అక్కడ చూసింది ఆమోద లేఖ తేదీ కాదు, ఆ రోజుకి చెల్లే వీసా చేతిలో ఉందా అని. పౌరుల భార్యాభర్తలకీ, 21 ఏళ్ళ లోపు పిల్లలకీ మినహాయింపు ఇచ్చారు. పౌరుల తల్లిదండ్రులకీ, గ్రీన్‌కార్డ్ ఉన్నవారి భార్యాభర్తలకీ ఇవ్వలేదు. జూన్‌లో హెచ్1బీ ఉద్యోగ వీసాలనీ, వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్4 వీసాలనీ కూడా చేర్చారు. ఇమిగ్రెంట్ ఆంక్ష 2021 ఫిబ్రవరి 24న రద్దయింది, హెచ్1బీది మార్చి 31న ముగిసింది. 2021 మే 4న ఇండియా మీద పెట్టిన ఆంక్ష మళ్ళీ వేరు: అది తాత్కాలిక వీసాల వారికే. ఇమిగ్రెంట్ వీసా ఉన్నవారు వెళ్ళొచ్చు, హెచ్1బీ ఉన్నవారు ప్రత్యేక మినహాయింపు లేకుండా వెళ్ళలేరు. అదే నెలలో కెనడా చేస్తున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు.

ఆస్ట్రేలియా 2020 మార్చి 20న మూసింది. పౌరులకీ, శాశ్వత వీసా ఉన్నవారికీ ప్రవేశం ఉంది. కానీ 491 లాంటి ప్రాంతీయ వీసాలు పేరుకి వలస వీసాలైనా లెక్కకి తాత్కాలికం. అవి కొత్తగా పొంది ఇంకా బయటే ఉన్నవారు సాధారణంగా 2021 డిసెంబరు 15 దాకా ఆగారు.

తెలుగు ఇళ్ళని ఎక్కువగా తాకింది "దగ్గరి కుటుంబం" అంటే ఎవరన్న ప్రశ్న. కూతురికి పురుడు పోయడానికి అమ్మ వెళ్ళడం మన దగ్గర ఆనవాయితీ. కెనడాలో కూతురు పౌరురాలో, పీఆరో అయితే తల్లి దగ్గరి కుటుంబమే. ఆస్ట్రేలియాలో 2021 నవంబరు 1 దాకా తల్లిదండ్రులు ఆ నిర్వచనంలో లేరు. 2021 మే నాటి ఆంక్ష ఉన్న రోజుల్లో అమెరికా వెళ్ళాల్సిన తల్లికి, పురుడు పోసుకునే కూతురు పెద్దది కాబట్టి, కూతురి తల్లిగా మినహాయింపు లేదు. ఆ మినహాయింపు పౌరులో, గ్రీన్‌కార్డ్ ఉన్నవారో అయిన 21 ఏళ్ళ లోపు, పెళ్ళికాని పిల్లల తల్లిదండ్రులకే.

2025 సెప్టెంబరు 19న హెచ్1బీ మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చినప్పుడు, కోవిడ్ నాటి ఆంక్షలకి వాడిన వలస చట్టపు సెక్షన్‌నే అమెరికా మళ్ళీ వాడింది. వీసా ఉండి ఇండియా వచ్చినవాళ్ళు ఆ రాత్రి టికెట్ల కోసం పరుగెత్తారు. సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకే అది వర్తిస్తుందని, ఇప్పటికే వీసా ఉన్నవారికి కాదని అధికారులు వివరణ ఇచ్చింది మర్నాడు.